శ్యేనకపోతీయమున శ్యేనపక్షము

శిబికథ నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. పలనాటివారికిది గ్రంథస్థమైన కథ మాత్రమే కాదు, కన్నులకెదుట నున్న వస్తువు. నరసారావుపేట కనతిదూరమునఁ జేజెర్లయందుఁ గపోతేశ్వరస్వామి యాలయమున్నది. ఇటుకలతో గజపృష్ఠాకారముగాఁ గట్టఁబడిన యా గుడి మొదట బౌద్ధచైత్యగృహమై పిదప శివాలయమైనదని వాస్తువేత్తలు నిర్ణయించిరి. లింగముపైఁ గల రంధ్రములు రాజు తన మేనిమాంసమును గోసియిచ్చినప్పటి గాయములకు గుర్తులని స్థలజనుల విశ్వాసము. ఇక్ష్వాకులకాలపు నాగార్జునకొండ శిల్పములలోను శిబిచరిత్ర చెక్కఁబడియున్నది. పాలిజాతకమున శిబి యిచ్చినది కన్నులు. మాంసమిచ్చిన శిబి భారతమునఁ గానవచ్చును, కృష్ణాతీరపు ఱాలమీఁదఁ గానవచ్చును. చిలకలూరిపేట, నరసారావుపేట ప్రాంతములలో నీ కథఁ జెప్పు నుపాధ్యాయుఁడు చేజెర్లవైపు వ్రేలెత్తి చూపి పాఠము మొదలుపెట్టవచ్చును. ఇట్టి సౌకర్యము తక్కిన సీమలవారికి లేదు.

ఇంత ప్రసిద్ధమైన కథలో రాజునుగూర్చి వ్రాయని పండితుఁడు లేఁడు. పావురమునకై జాలిపడని పిల్లవాఁడు లేఁడు. డేగ మాటమాత్ర మెవ్వరును జెవిని బెట్టరు. అది నిజమైన డేగ కాదు, పరీక్షింపవచ్చిన యింద్రుఁడు. కావున దాని వాదమంతయు రాజునకుఁ బన్నిన వల, హేత్వాభాసముల మూట యని బడులలో సామాన్యముగాఁ జెప్పుదురు. ఈ తీర్పు మూలమునకు న్యాయము చేయునదిగా లేదు. ఏలయనఁగా, ఆ వాదమును విన్న రాజే దానిని హేత్వాభాస మనలేదు.

వనపర్వమునఁ దీర్థయాత్రాసందర్భమున లోమశమహర్షి ధర్మరాజునకు నీ కథఁ జెప్పెను. అక్కడ రాజు పేరుశీనరుఁడు. ప్రచారమందున్న పాఠమున మఱియొకచోట నతని కుమారుఁడైన శిబిపరముగా నిదియే మరలఁ జెప్పఁబడినది. నన్నయభట్టారకుఁ డారణ్యపర్వ తృతీయాశ్వాసమున దీనిఁ దెలిఁగించెను. పేర్ల భేదమటుండనిండు. ఉశీనరుని కథలో డేగ చెప్పిన మాటల సారమిది: పావురము తనకు విహితమైన యాహారము, ప్రాణులు తక్కిన వెన్నియైన విడిచి బ్రదుకవచ్చునుగాని యాహారమును విడిచి బ్రదుకఁజాలవు, తాను మరణించినచోఁ దన భార్యయు బిడ్డలును మరణింతురు, ఒక్క పావురమును గాచుటకై రాజు పెక్కు ప్రాణములను దీయుచున్నాఁడు, ఒక ధర్మమును బాధించు ధర్మము ధర్మము కాదు, విరోధము వచ్చినపుడు గురులాఘవములు తూచి నిశ్చయింపవలెను. దీనికి రాజు, నీవు ధర్మమెఱిఁగి మాటలాడుచున్నావు, పక్షిరాజువైన సుపర్ణుఁడవా యని యడిగినాఁడు. ఎద్దు, పంది, జింక, దున్న, ఏది కావలసిన నది యిత్తునన్నాఁడు. అవి తాను దినునవి కావని డేగ త్రోసిపుచ్చినది. రాజ్యమిత్తునన్నను వలదన్నది. తుదకుఁ ద్రాసు వచ్చినది.

ఈ వాదమున రెండు వాక్యములు విమర్శకులు తఱచుగా దాఁటిపోవునవి. ఇతరమాంసము దినననుట యొకటి. తాను జచ్చిన నాలుబిడ్డలు చత్తురనుట రెండవది. మొదటిది మొండిపట్టనియు, రెండవది జాలిపుట్టించుట కాడిన మాట యనియుఁ దలఁతురు. రెండును యథార్థకథనములే యని చూపుట యీ వ్యాసమునకుఁ బని. అందులకుఁ బ్రమాణము నిఘంటువులలో దొరకదు. సముద్రతీరపుఁ గొండచఱియలమీఁద డేగల కుటుంబములను నెలలతరబడి కనిపెట్టి, ఛాయాచిత్రములు దీసినవారి సాక్ష్యమునఁ దొరకును.

ముందుగా నిఘంటువుల మాటనే చూతము. శ్యేనశబ్దమునకుఁ బెక్కుచోట్ల గ్రద్ద యని యర్థము చెప్పుట పరిపాటియైనది. కథయంతయు నీ యొక్క యర్థముతోఁ గూలిపోవుచున్నది. గ్రద్ద గృధ్రశబ్దభవము. గృధ్రమన రాఁబందు, అది పీనుఁగులఁ దినును. తెలుఁగులో గ్రద్ద యను పేరు కాలక్రమమున నూళ్లమీఁదఁ దిరుగుచుఁ గోడిపిల్లల నెత్తుకొనిపోవు పక్షికిఁ జెల్లినది. ఇది యంగడిలో మాంసపు ముక్కను దన్నుకొనిపోవును, చచ్చినదానిని దినును, చేఁపలబుట్టపైఁ బడును. అట్టి పక్షికి రాజు దున్నపోతు నిత్తుననఁగా నది వలదనుట మొండిపట్టే యగును. వ్యుత్పత్తులుగూడ నీ భేదమునే చెప్పుచున్నవి. గృధ్రశబ్దము కోరుట యర్థముగాఁ గల గృధుధాతువునుండి వచ్చినది. శ్యేనశబ్దము గత్యర్థకమైన శ్యైఙ్ ధాతువునకు నౌణాదికమైన ఇనచ్ప్రత్యయము చేరి సిద్ధించినది. ఒకటి యాసపడునది, ఒకటి పోవునది.

పాణినికిని శ్యేనము తెలియనిది కాదు. శ్యేనపాతము గల వేఁటకు శ్యైనంపాత యను రూపమును సాధించుటకై యతఁ డష్టాధ్యాయి యాఱవ యధ్యాయమున ముమాగమమును బ్రత్యేకముగా విధించెను. డేగవేఁట యంత ప్రాచీనమైనది. ఇక్కడ పాతశబ్దమునకుఁ బడుట యని యర్థము చెప్పి, ఆకసమునుండి ఱాయివలె జాఱి యెఱపైఁ బడు డేగజాతియే సూత్రకారుని కుద్దిష్టమనుట కింపుగా నుండును గాని, పత్ఌధాతువు గతిసామాన్యమునఁ జదువఁబడినది గనుక పాతమనఁగా వట్టి యెగురుటయుఁ గావచ్చును. ఇంపుగా నున్న యర్థమెల్ల నిశ్చితార్థము గాదు. కావున నీ సూత్రము డేగవేఁట ప్రాచీనతకు సాక్ష్యము, జాతినిర్ణయమునకుఁ గాదు.

జాతినిర్ణయమున కొక చిన్న గుఱుతున్నది. కుమావూను ప్రభువైన రుద్రదేవుని శ్యైనికశాస్త్రమను గ్రంథమును హరప్రసాదశాస్త్రిగారు 1910లోఁ గలకత్తాలోఁ బ్రకటించిరి. అందు వేఁటపక్షులు కృష్ణాక్షములు, పాటలాక్షములు నని రెండు తెగలుగా విభజింపఁబడినవి. కంటిరంగును బట్టి చేసిన యీ విభాగము నేఁటి పక్షిశాస్త్రమునకుఁ జాలవఱకు సమ్మతమైనది. నల్లకన్నులు గలవి పొడవైన మొనదేరిన ఱెక్కలతో బయలులో నెగురు పక్షులను వేఁటాడునవి: బైరి, షహీను, లగ్గడు మొదలైనవి. పసుపు, యెఱుపు కన్నులు గలవి పొట్టిఱెక్కలతోఁ జెట్లనడుమ మాటువేసి పట్టునవి. ఊళ్లలోని తోఁటలయందుఁ గానవచ్చు చిన్నడేగ యీ రెండవ తెగలోనిది. అమరసింహుఁడు శ్యేనమునకు శశాదన మను పర్యాయము చెప్పెను. కుందేటిని దినునది యని దాని యర్థము. కుందేటి నెత్తుకొనిపోవుట పావురములఁ బట్టు డేగ పని కాదు. కావున శ్యేనశబ్దము సామాన్యవాచకము. సందర్భమునుబట్టి విశేషమును గ్రహింపవలయును. కపోతోపాఖ్యానమునఁ దఱుమఁబడినది కపోతము, తఱుమఁబడినది యాకసమున. ఇక్కడి శ్యేనము కృష్ణాక్షజాతిదనుట సందర్భసిద్ధము.

తెలుఁగువారి కీ భేదములు తెలియకుండెనా? తెలిసియే యుండెను. విజయనగరమునేలిన యొక రాజవంశము సాళువమను డేగపేరు బిరుదుగాఁ దాల్చినది. నెల్లూరిలో వైద్యాధికారిగానున్న జెర్డనుదొర 1843 మొదలు 1847 వఱకు మదరాసులోఁ బ్రకటించిన చిత్రపటగ్రంథమునను, 1862 మొదలు 1864 వఱకు వెలువరించిన భారతపక్షిగ్రంథమునను ఆయాపక్షులకుఁ దెలుఁగుపేళ్లు వ్రాసియుంచెను. బైరిడేగ, లగడు, జెల్గద్ద, తొండలను బట్టునది యను నర్థముగల మఱియొక గద్ద పేరు, షహీనునకు జావొలము. రోమకలిపిలో నున్న యీ తుదిపేరు తెలుఁగున నెట్లు పలుకఁబడెనో విచారింపఁదగినది. లకారమో ళకారమో దొర చెవి కందియుండదు. ఏమైనను వేఁటకాండ్రనోట నుండిన యీ పేళ్లను సేకరించినవాఁడు పరదేశి. నిఘంటుకారు లిట్టివానికిఁ బక్షివిశేషమని యర్థము వ్రాసి ముందునకు సాగిరి. పక్షివిశేషమనుట యర్థము చెప్పుట కాదు, అర్థము చెప్పనొల్లమని చెప్పుట. పేరులోనే చిలుకను దాల్చిన పట్టణము గల సీమలోఁ జిలుకకు శత్రువైన పక్షి పేరు పాఠశాలలో వినఁబడకుండుట వింతయే.

ఇఁకఁ బ్రత్యక్షప్రమాణము. ఆంధ్రతీరము చాలవఱకు నిసుకతిన్నెలది. పూర్వపు గుంటూరు ప్రకాశము జిల్లాల కడలియొడ్డునఁ గొండ లేదు. విశాఖపట్టణమున డాల్ఫిన్ నోస్ వంటి చోట్లనే శిల సముద్రమునకు మొగము చూపును. శీతకాలమున బైరిడేగలు వలసవచ్చి యేటిమొగలను, కొల్లేరు పులికాటు వంటి సరస్సులను నాశ్రయించి నీటిపక్షులను వేఁటాడి, వేసవి సోఁకక ముందే యుత్తరమునకుఁ బోవును. ఇక్కడనే యుండి బిడ్డలఁ బెట్టునది షహీను. అది బైరికి దక్షిణశాఖ. దానికిఁ గావలసినది సముద్రము కాదు, ఎవరు నెక్కఁజాలని నిలువుఁజఱియ. కావున సంసారము చేయుచున్న డేగలను సముద్రతటమున నోపికతోఁ గనిపెట్టిన పని విశేషముగా నింగ్లండు, స్కాట్లండు తీరములయందును, అమెరికా పశ్చిమతీరమునఁ గాలిఫోర్నియాయందును జరిగినది. అక్కడి పరిశీలకులు చఱియ కెదురుగా, పక్షి బెదరని దూరమున గుడారమో తడికయో కట్టుకొని, దూరదర్శక కాచములు గల యంత్రములతోఁ దెల్లవాఱుటకు ముందే కూర్చుందురు. జపమునకుఁ గూర్చున్నట్లే.

వారు చూచినదేమి? డేగ గూడు కట్టదు. చఱియలో నొక యరుగుమీఁది మట్టిని ఱొమ్ముతో గోళ్లతో నొరసి పల్లెముచేసి మూఁడో నాలుగో గ్రుడ్లు పెట్టును. ఒకే యరుగు తరతరముల డేగలకు నివాసమగుట కలదు. ఆడుది పెద్దది, మగది దానిలో నించుమించు మూఁడింట రెండువంతుల తూనిక గలది. గ్రుడ్లు పొదుగు నెలదినములలో నాడుదే యెక్కువసేపు కూర్చుండును. మగది వేఁటాడి తెచ్చి పెట్టును. పిల్లలు వెలువడిన పిదప మొదటి రెండువారములు వానికి వెచ్చఁదనము చాలదు, తల్లి కదలరాదు. ఆ దినములలోఁ దల్లికిని బిడ్డలకును దనకును జాలినంత యాహారమును మగఁడేగ యొక్కటియే సంపాదింపవలయును. అది యెఱతో వచ్చి కేక వేయును. ఆడుది యరుగునుండి లేచి యెదురేఁగి, ఆకసముననే వెలికిలఁ దిరిగి కాళ్లు చాఁచి మగనికాళ్లలోని యెఱ నందుకొనును. ఒక్కొకప్పుడు మగది జాఱవిడుచును, ఆడుది నేలఁబడనీయక పట్టుకొనును. ఐదాఱువారములకుఁ బిల్లలు ఱెక్కలు వచ్చి చఱియ విడుచును. పిల్లలు పెరిగినకొలఁది తల్లియు వేఁటకుఁ బోవును. ఎఱ చాలవఱకుఁ బక్షియే, యెగురుచుండఁగాఁ బట్టఁబడినదే. చచ్చి పడియున్న దున్నపోతుమీఁద నీ డేగ వ్రాలుట యపూర్వము.

ఇప్పుడు కథలోని రెండవ వాక్యము మరలఁ జూడవలెను. తాను మరణించినచో భార్యాపుత్రులు నశింతురని శ్యేనము చెప్పినది. భార్య గలది గనుక నది మగఁడేగ. గ్రద్దయైనచో నీ మాట యతిశయోక్తి. డేగయైనచో, అందును బిల్లలు వెలువడిన తొలి పక్షములైనచో, అక్షరాల నిజము: మగనిని గోల్పోయిన యాడుడేగ పిల్లలను విడిచి వేఁటకుఁ బోయినచో నవి చలికి నెండకుఁ జచ్చును, పోకున్న నాఁకటికిఁ జచ్చును. కవి యీ వాక్యమును జాలిపుట్టింపఁ గల్పింపలేదు. చఱియక్రింద నిలిచి చూచినవాఁడెవ్వఁడో చెప్పిన దానిని గ్రహించినాఁడు. ఇతరమాంసమును నిరాకరించిన మొదటి వాక్యము నిట్టిదే. అక్కడ నున్నది హఠము కాదు, స్వభావము. రాజు చూపిన యెద్దు, పంది, జింక, దున్న యను నీ వరుసలోఁ బక్షి యొక్కటియు లేకపోవుట గమనింపఁదగినది. రాజు దయాళువే, కాని యాఁకలి యందఱి కొక్కటియే యనుకొన్నాఁడు. ఎవరి యాఁకలి యెట్టిదో యడుగక పెట్టుట పెద్దయిండ్ల దాతలకు సహజము.

ఛాయాచిత్ర మీ విషయమునఁ బ్రమాణమా కాదా యను శంక వైయాకరణునకుఁ గలుగఁదగినది. క్రియ కంటికిఁ గానరాదనియు, ముద్దగాఁ జేర్చి యిదిగో యని చూపుటకు శక్యము కాదనియు, ఫలమును బట్టి యూహింపవలసినదే యనియు మహాభాష్యకారుని మతము. ఛాయాచిత్రము క్రియను జూపదు. ఱెక్కలు ముడిచిన డేగ చిత్రమును జూచి యది పడుచున్నదో నిలిచియున్నదో చెప్పుట కష్టము. సిద్ధమైన ద్రవ్యమును జూపుటలో యంత్రమునకు సాటి లేదు: కంటి నలుపు, కంటిక్రింద మీసమువలె దిగిన నల్లచాఱ, ముక్కుకొననున్న పంటివంటి నొక్కు, మగదాని చిన్నఁదనము. సాధ్యమైన క్రియ మాత్రము దానికి లొంగదు. ఫ్రాన్సుదేశపు శరీరశాస్త్రజ్ఞుఁడు మారే 1882లో దుపాకివంటి యంత్రమొకటి చేసి, సెకండునకుఁ బండ్రెండు చిత్రముల చొప్పున నెగురుచున్న పక్షులను బట్టెను. అవి యొక క్రియను బండ్రెండు తునుకలుగాఁ గోసినవే కాని, తునుకల నడుమ జరిగినది చూపునది బుద్ధియే. కావునఁ జిత్రముకన్నఁ జిత్రము తీసినవాని దినచర్య పుస్తకము బలవత్తరమైన ప్రమాణము. ఎఱ నందించుచున్న జంట చిత్ర మొక్కటి చూచినవానికి మగఁడు పోషకుఁడని తెలియదు. నలువదిదినములు చూచినవాఁడు వ్రాసియుంచిన లెక్కతోఁ జేరినపు డది సాక్ష్యమగును. 1967లో వెలువడిన జె.ఎ. బేకరుయొక్క బైరిడేగ గ్రంథము దినచర్యరూపమున నుండుటకు నిదియే కారణమై యుండును. బేకరు వర్ణనలలో నుద్రేక మెక్కువ, మితము తక్కువ; పండితుల కన్నిపుటలును రుచింపవు. కాని చూచినవాని భాషకును, విన్నవాని భాషకును గల భేదము దెలిసికొనఁగోరువాఁడు దానిఁ జదువఁదగును.

కథ నడకలోనున్న యొక సొంపును డేగపక్షము వహించినపుడు గాని గుర్తింపరాదు. గురులాఘవములు విచారింపుమని మొదట ననినది డేగ. ఆ మాట యప్పటికి ధర్మశాస్త్రపు మాటయే. బరువు, తేలిక యనునవి యౌపచారికములు. అర్ధమాత్ర తగ్గినందుకు సంతసించు వైయాకరణులును లాఘవమనుచోఁ ద్రాసుల నడుగరు. కాని డేగ తుదకు మాంసము పావురముతో సమముగాఁ దూఁగవలెనని కోరినపు డుపచారము పోయి వాచ్యార్థము నిలిచినది. త్రాసు నిజముగా సభలోనికి వచ్చినది. పావుర మెంత? ఇరువదినాలుగు తులముల సేరుకుఁ గొంచెము మించును. రాజు తొడ యెంత? అయినను గోసినకొలఁది పావురమే బరువైనది. ఒక్క ప్రాణము తేలిక, పెక్కు ప్రాణములు బరువని డేగ వేసిన లెక్క కిది ప్రత్యుత్తరము. ఆ ప్రత్యుత్తరము రాజు నోట రాలేదు, త్రాసు చెప్పినది. డేగవాదమును హేత్వాభాసమని ముందే కొట్టివేసినచోఁ ద్రాసునకుఁ బని యుండదు, కథ దానకథగా మిగిలిపోవును. రెండు వైపులను సత్యమున్నప్పుడే త్రాసు కావలసివచ్చును.

ఒక యాక్షేపము. నిజమైన డేగ, పావురము మనుష్యునొడిఁ జేరిన తరువాత వాదింపదు. మఱియొక పావురమును వెదకికొనును. దాని దాఁటులలోఁ బెక్కులు వ్యర్థములే యగును. తప్పించుకొనిన దానికై పట్టుపట్టి కూర్చున్న డేగ బ్రదుకఁజాలదు. ఇది సత్యమే. తఱుమఁబడిన పక్షి యిండ్లలోనికి, జనసమూహములోనికి జొరఁబడుట లోకమున నున్నదే గాని, వెంటనంటి వచ్చి న్యాయమడుగుట యింద్రునికే చెల్లును. ఈ స్థలమునఁ గథ ప్రకృతిని విడిచినది. విడువనిచో వాదమే లేదు. స్వభావోక్తి యంతయు వాక్యములలోను, నద్భుతమంతయు సంఘటనలోను నిలిపిన కవి నేర్పును మెచ్చుకొనవలసినదే కాని, ప్రతియంశమును బక్షిశాస్త్రముతో ముడివేయఁ జూచుట యతివ్యాప్తి.

భార్యాపుత్రులు నశింతురన్న వాక్యమునకు నిరువదవ శతాబ్ది యొక క్రూరమైన వ్యాఖ్య వ్రాసినది. రెండవ ప్రపంచయుద్ధానంతరమున డి.డి.టి. మొదలైన క్రిమిసంహారకములు పొలములలో విరివిగా వాడఁబడెను. పురుగునుండి పిట్టకు, పిట్టనుండి డేగకు నా విషము పేరుకొనుచుఁ బోయెను. గ్రుడ్లపెంకులు పలుచనై, పొదుగఁ గూర్చున్న తల్లి బరువునకే పగులుచున్నవని డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లోఁ బ్రకటించెను. తల్లి బరువే బిడ్డకు మృత్యువగుట! 1970 నాఁటికిఁ గాలిఫోర్నియా యంతటను సంసారము చేయుచున్న బైరిడేగల జంటలు రెండుమాత్రమే తెలిసియుండెను. అమెరికాలో 1972లో డి.డి.టి. నిషేధింపఁబడెను, పెంచి విడిచిన పిల్లల మూలమునఁ గొంతయు, నిషేధము మూలమునఁ గొంతయు జాతి కోలుకొని, 1999లో నక్కడి యపాయస్థజీవుల పట్టికనుండి తొలఁగింపఁబడెను. నేఁ డా తీరపుఁ జఱియలపైఁ దీయఁబడుచున్న కుటుంబచిత్రము లీ పునర్జన్మకు ఫలము. భారతదేశమున వ్యవసాయమునకు డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపఁబడినది. చిలకలూరిపేట చుట్టుపట్లఁ బ్రత్తి, మిరప పండించు రైతునకు మందుల కథ యొకరు చెప్పవలసినది కాదు; 1980 దశకాంతమునఁ దెల్లదోమ ప్రత్తిపైఁ బడినపుడు మందుమీఁద మందు కొట్టి, యప్పులపాలై, గుంటూరు ప్రకాశము జిల్లాల రైతులు ప్రాణములు దీసికొనిన సంగతి యీ సీమ మఱవలేదు. శ్యేన మడిగిన గురులాఘవవిచారమున నిట్టి పావురము త్రాసులో లేదు: తిన్నను జంపును, తినకున్నను జంపును.

కొండవీటి దుర్గము గోడలయందును, గుడిగోపురములయందును గువ్వలకుఁ గొదవ లేదు. గువ్వలున్నచోటికి డేగ యెప్పుడో యొకప్పుడు రాక మానదు. బైరి మొదలగు డేగలకు 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము రక్షణ కల్పించినది. పట్టుట, పెంచుట, గ్రుడ్లనుండి తఱుముట నేరములు. చూచుట నేరము కాదు. షహీను మాఘఫాల్గునముల వేళ గ్రుడ్లు పెట్టును. ఆ దినములలో నిలువుఁజఱియ నొకదాని నెన్నుకొని, సమీపింపక, దుర్భిణితోఁ గనిపెట్టువారికిఁ గన్ను నల్లనిదో పచ్చనిదో, తోఁక చీలినదో చీలనిదో మొదట తేలిపోవును. గ్రద్ద తోఁక చీలియుండును. పిదప నెఱ నందించుకొనుట కంటఁబడినచో, ఇచ్చినది పుచ్చుకొన్నదానికన్నఁ జిన్నదిగా నున్నదా యని చూడవలయును. చిన్నదైనచో నది మగఁడేగ, శ్యేనవాక్యమునకుఁ గర్త.